అప్‌గ్రేడ్ తర్వాత బొమ్మలు రావట్లేదా? వెనక్కి వెళ్లాలా, ఉన్నచోటే సరిచేయాలా?

మీడియావికీ (వికీ సైట్లను నడిపే సాఫ్ట్‌వేర్) కొత్త వెర్షన్ ఎక్కించాక బొమ్మల చోట ఖాళీ పెట్టెలు కనిపిస్తుంటే దారులు రెండు.

వెనక్కి వెళ్లడం: ఫైళ్లు ఒక్కటే మారిస్తే చాలదు, అప్‌డేట్ స్క్రిప్ట్ డేటాబేస్ టేబుళ్లను మార్చేసి ఉంటుంది కాబట్టి పాత డేటాబేస్ బ్యాకప్ కూడా ఎక్కించాలి, ఆ బ్యాకప్ తర్వాత జనం రాసిందంతా గల్లంతే.

ఉన్నచోటే సరిచేయడం: రిస్క్ తక్కువ, కాస్త ఓపిక కావాలి. ముందు అసలు ఫైల్ లింకు నేరుగా తెరవండి. 404 (ఫైల్ దొరకలేదు) వస్తే పాత ఇమేజెస్ ఫోల్డర్ కొత్త చోటికి రాలేదేమో చూడండి (ముందు అనుమానించాల్సింది దీన్నే). 403 (అనుమతి లేదు) అయితే ఫోల్డర్ అనుమతులు చూడండి. అసలుది బాగానే తెరుచుకుని థంబ్‌నెయిల్ (పేజీలో కనిపించే చిన్న సైజు బొమ్మ) ఒక్కటే మొండికేస్తే థంబ్ ఫోల్డర్‌లో రాసే అనుమతి, సెట్టింగ్స్‌లో ఇమేజ్‌మ్యాజిక్ (బొమ్మల సైజు మార్చే ప్రోగ్రామ్) పాత్ చూడండి.

బొమ్మలతో పాటు లాగిన్, ఎడిటింగ్ కూడా పడకేసి, బ్యాకప్ తాజాగా ఉంటే వెనక్కి వెళ్లండి. బొమ్మలు మాత్రమే అయితే టెన్షన్ వద్దు, అక్కడే సరిచేయండి.