సముద్రంలో కంటబడాలంటే: ఎస్‌ఎంబీ, దాని తోడు పరికరాలు

హైదరాబాద్‌లో ఉండే స్కూబా డైవర్లకు సముద్రం సెలవుల్లోనే దొరుకుతుంది. అండమాన్‌కో, మురుడేశ్వర్ దగ్గరి నేత్రాని దీవికో వెళ్లినప్పుడు తప్ప మిగతా ఏడాదంతా సామాను అటక మీదే. అందుకే ఏ పరికరాన్నయినా రెండు విధాలుగా చూస్తాను: నీటి మీద నన్ను కనబడేలా చేస్తుందా, ఇంట్లో పాడవకుండా ఉంటుందా అని.

నా ఓటు ముందుగా ఎస్‌ఎంబీకే, అంటే డైవర్ ఎక్కడున్నాడో నీటి మీద చూపే సర్ఫేస్ మార్కర్ బోయ్‌కే. కొన్నేళ్లుగా వాడుతున్నది 1.8 మీటర్ల నారింజ రంగు గాలి గొట్టం. అలల మధ్య డైవర్ తల, బోటులో ఉన్నవారికి తేలే కొబ్బరికాయలా కూడా ఆనదు. ఈ గొట్టం నిటారుగా నిలిస్తే దూరం నుంచే తెలుస్తుంది. మీటరు పొడవున్న చవక రకాలు కెరటం కాస్త లేస్తే చాలు, మరుగున పడిపోతాయి. కొనేటప్పుడు కింది మూతి తప్పక చూడండి. అది తెరిచి ఉండే రకమైతే గొట్టానికి కట్టిన తాడు వదులవగానే గాలి జారి గొట్టం వాలిపోతుంది. గాలిని వెనక్కి వదలని కవాటం ఉన్నదే మేలు. నోటితో ఊదే వీలూ ఉండాలి. సిలిండర్ ఖాళీ అయితే అదే దిక్కు.

ఉప్పు పోవాలని మా బోరునీటితో కడిగితే కవాటం అంచుల మీద తెల్లటి పొర కడుతుంది. అందుకే చివరిసారి మంచినీటితో జాడించి, గాలి ఊది, నీడలో ఆరబెడతాను. లోపల తడి మిగిలితే పూత జిగురుగా మారి అతుక్కుంటుంది. నాది ఇప్పటికీ చక్కగా విప్పుకుంటుంది.

ఈల చవక, కానీ ఇంజన్ హోరులో వినిపించదు. ఎండ ఉంటే అద్దం మెరుపు కిలోమీటర్ల దూరం వెళుతుంది. రాత్రికి టార్చి తప్పనిసరి.

ఏఐఎస్ (ఓడలు తమ స్థానాన్ని రేడియోలో తెలిపే వ్యవస్థ) పరికరం చుట్టుపక్కల ఓడలకు మన స్థానం చెబుతుంది. అందుకునే రిసీవర్ వాటిలో ఉంటేనే. ఆపదలో నొక్కే 406 మెగాహెర్ట్జ్ రేడియో బీకన్ సంకేతం ఉపగ్రహాల ద్వారా బెంగళూరులోని ఇస్రో కేంద్రానికి చేరుతుంది. అయితే చాలా బీకన్లు డైవింగ్ లోతులకు తట్టుకోవు, విడిగా నీరు చొరబడని డబ్బా కావాలి. లిథియం బ్యాటరీ కనుక శంషాబాద్‌లో చేతిసంచిలోనే ఉంచుతాను.

1998 జనవరిలో ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్ దగ్గర ఇద్దరు డైవర్లను వదిలేసి బోటు వెళ్లిపోయింది. ఆ సంగతి రెండు రోజులకు గాని ఎవరికీ తట్టలేదు. అందుకే తిరిగి రావలసిన వేళను, కోస్ట్‌గార్డ్ నంబరు 1554నూ కాగితం మీద రాసి, ఒడ్డున ఉండే మనిషి చేతికిచ్చాకే బోటెక్కుతాను.