రూట్ డిస్క్ పెంచమంటే సర్వర్ మొత్తం తుడిచేశారు. వీపీఎస్ (అద్దెకి తీసుకునే వర్చువల్ సర్వర్) వాడేవాళ్లు జాగ్రత్త

రాత్రి జరిగింది ఇది, ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది. కంపెనీ పేరు చెప్పను. చవక ప్లాన్లు చూసి మనలో చాలామంది తీసుకున్నదే, చదువుతుంటే మీకే అర్థమవుతుంది. వాళ్ల దగ్గర డిస్క్ అప్‌గ్రేడ్ చేయించాలనుకుంటున్నవాళ్లు దయచేసి ఒక్క రోజు ఆగండి.

మా సర్వర్‌లో 80 జీబీ నిండిపోవచ్చింది. 160 జీబీ ప్లాన్‌కి మారాను. డబ్బు కట్టి రీబూట్ చేయగానే ప్యానెల్‌లో 160 కనిపించింది. లోపల డీఎఫ్ (డిస్క్ ఎంత నిండిందో చూపే కమాండ్) కొడితే రూట్ (ఓఎస్, ఫైళ్లు ఉండే ప్రధాన భాగం) మాత్రం అదే పాత సైజు, 97 శాతం నిండి ఉంది. ఇక్కడిదాకా తప్పేమీ లేదు. కంపెనీ పెంచేది డిస్క్‌ని. దాని లోపలున్న పార్టిషన్ (డిస్క్‌లో విడగొట్టిన భాగం) గానీ, దాని మీదున్న ఫైల్‌సిస్టమ్ (ఫైళ్లు దాచే అమరిక) గానీ వాటంతట అవి పెరగవు. క్లౌడ్-ఇనిట్ (బూట్‌లో సర్వర్‌ని సెటప్ చేసే ప్రోగ్రామ్) ఉన్న ఇమేజ్ (కంపెనీ ముందే సిద్ధం చేసిన ఓఎస్ కాపీ) అయితే బూట్ అయ్యేటప్పుడు ఆ పని అదే చేసేస్తుంది. వీళ్ల ఇమేజ్‌లో అది లేదు. పైగా రూట్ పార్టిషన్ వెనకాలే స్వాప్ పార్టిషన్ (ర్యామ్ చాలనప్పుడు వాడే జాగా) పెట్టి ఇచ్చారు. కొత్తగా వచ్చిన ఖాళీ అంతా స్వాప్‌కి అవతల పడింది. తన చివరకి ఆనుకుని ఖాళీ ఉంటేనే పార్టిషన్ పెరుగుతుంది. అందుకే గ్రోపార్ట్ (పార్టిషన్ పెంచే కమాండ్) కొడితే 'నోఛేంజ్' అని చెప్పి ఊరుకుంది.

దారి నాకు తెలుసు. స్వాప్ ఆపేసి, ఆ పార్టిషన్ తీసేసి, గ్రోపార్ట్, ఆ తర్వాత రీసైజ్2ఎఫ్‌ఎస్ (ఫైల్‌సిస్టమ్ పెంచే కమాండ్). మా ఫైల్‌సిస్టమ్ ఈఎక్స్‌టీ4, దాన్ని అన్‌మౌంట్ చేయకుండానే (వాడుకలోంచి తీయకుండానే) పెంచొచ్చు, సర్వర్ ఆపక్కర్లేదు. కానీ లైవ్‌లో ఉన్న సర్వర్‌లో పార్టిషన్ టేబుల్ ముట్టుకునే ముందు స్నాప్‌షాట్ (ఆ క్షణానికి డిస్క్ మొత్తం కాపీ) ఉండాలి. వీళ్ల ప్యానెల్‌లో ఆ బటన్ మనకి ఇవ్వరు, సపోర్ట్ వాళ్లే తీయాలి. అందుకే టికెట్ పెట్టాను. ఎల్‌ఎస్‌బీఎల్‌కే (డిస్కులు, పార్టిషన్ల జాబితా చూపే కమాండ్) అవుట్‌పుట్ మొత్తం అతికించాను. ఏది రూట్, ఏది స్వాప్, ఏది తీసేయాలి, ఏది ముట్టుకోకూడదు అన్నీ రాశాను. లైవ్ సర్వర్ అనీ, యూజర్ల ఫైళ్లు ఉన్నాయనీ కూడా రాశాను. నాకు కావాల్సింది స్నాప్‌షాట్ ఒక్కటే, మిగతాది నేను చేసుకుంటాను అన్నాను.

చాట్‌లోకి ఒకతను వచ్చాడు. "మీకెందుకు సర్ శ్రమ, మా సైడ్ నుంచే చేసేస్తాం, పూర్తి సైజు వచ్చేస్తుంది" అన్నాడు. స్నాప్‌షాట్ సంగతేంటని అడిగాను. "స్నాప్‌షాట్ తీసుకున్నాకే మొదలుపెడతాం సర్, డేటాకి ఏమీ కాదు" అని రాశాడు. ఆ మాట నా దగ్గర స్క్రీన్‌షాట్‌లో ఉంది. అది చూశాకే సరే అన్నాను.

కాసేపటికి మెయిల్ వచ్చింది. మీ సర్వర్ సిద్ధంగా ఉంది, ఇదిగో కొత్త రూట్ పాస్‌వర్డ్ అని. కొత్త పాస్‌వర్డ్ ఎందుకొచ్చింది అనుకుంటూ ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే కమాండ్) కొట్టాను. రిమోట్ హోస్ట్ ఐడెంటిఫికేషన్ మారిపోయిందని పెద్దక్షరాల్లో వార్నింగ్ వచ్చి ఆగిపోయింది. ఆ వార్నింగ్ చూడగానే నా చేతులు చల్లబడిపోయాయి. పార్టిషన్ పెంచితే సర్వర్ కీ (సర్వర్‌ని గుర్తుపట్టే గుర్తు) మారదు. మామూలుగా ఓఎస్ మళ్లీ వేస్తేనే మారుతుంది. పాత కీ తీసేసి లోపలికి వెళ్లి డీఎఫ్ కొట్టాను. రూట్ దాదాపు 160 జీబీ ఉంది, వాడింది 2 జీబీ కూడా లేదు. సైట్ ఫోల్డర్ లేదు. అప్‌లోడ్స్ లేవు. హోమ్‌లో నా యూజరే లేడు.

వాళ్లు చేసిందల్లా రీబిల్డ్ బటన్ నొక్కడం. డిస్క్ తుడిచి కొత్త ఇమేజ్ పోస్తే పార్టిషన్ ఎలాగూ పూర్తి సైజులో వస్తుంది. నేను రాసిన టికెట్‌లో ఒక్క లైన్ కూడా చదవలేదని అప్పుడు తెలిసింది.

వెంటనే చాట్‌లోకి వెళ్లి స్నాప్‌షాట్ నుంచి వెనక్కి తెమ్మన్నాను. అదే మనిషి. చాలాసేపటికి జవాబిచ్చాడు: "సర్, మీ ప్లాన్‌లో స్నాప్‌షాట్ లేదు." తీసుకున్నాకే మొదలుపెడతామని మీరే రాశారు కదా అని ఆ స్క్రీన్‌షాట్ పెట్టాను. "డేటా బ్యాకప్ బాధ్యత కస్టమర్‌దే, నిబంధనల్లో ఉంది. మీరు అడిగిన సైజు వచ్చింది కదా. ఇంకేమైనా సహాయం కావాలా?" అని రాసి టికెట్ క్లోజ్ చేసేశాడు. పోయింది పోయింది, కనీసం పొరపాటైంది అన్న ఒక్క మాట లేదు. నాకు ఫైళ్లు పోయినందుకంటే ఆ జవాబుకే ఎక్కువ మండింది. తీయని స్నాప్‌షాట్ తీస్తామని చెప్పడం నిర్లక్ష్యం కూడా కాదు, పచ్చి అబద్ధం.

మళ్లీ టికెట్ తెరిచి పాత డిస్క్ అన్నా ఇవ్వండి అని అడిగాను. రీబిల్డ్‌లో పాత వాల్యూమ్ (డిస్క్) తీసేసి కొత్తది ఇచ్చారట. అందుకే ఫోటోరెక్ లాంటి, పోయిన ఫైళ్లు రాబట్టే టూల్స్‌తో వెతికినా లాభం లేకపోయింది, వెతకడానికి అందులో పాత డేటానే లేదు. పాత ప్లాన్‌కి మార్చి తేడా డబ్బు ఇవ్వమంటే డిస్క్ తగ్గించడం కుదరదు అన్నారు. డేటాబేస్ కాపీ రోజూ వేరే సర్వర్‌కి వెళ్తుంది కాబట్టి అది దక్కింది. యూజర్లు పంపిన ఫోటోలు, పత్రాలు పోయాయి. మళ్లీ పంపండి అని వాళ్లందరికీ ఇప్పుడు నేను ఏ మొహం పెట్టుకుని రాయాలి?

మీ సర్వర్ కూడా ఇలాగే ఉంటే డిస్క్ పెంచే ముందు ఎల్‌ఎస్‌బీఎల్‌కే కొట్టి చూసుకోండి. రూట్ తర్వాత స్వాప్ ఉంటే ముందు స్వాప్ఆఫ్ చేసి, ఎఫ్‌స్టాబ్‌లో (బూట్‌లో ఏవి తగిలించాలో రాసుండే ఫైల్) స్వాప్ లైన్ తీసేసి, అప్పుడు పార్టిషన్ తొలగించండి. ఆ లైన్ ఉంచేస్తే లేని స్వాప్ కోసం బూట్ ఒకటిన్నర నిమిషం ఆగుతుంది. స్వాప్ తర్వాత ఫైల్‌గా పెట్టుకోవచ్చు. మీ ఫైల్‌సిస్టమ్ ఎక్స్‌ఎఫ్‌ఎస్ అయితే రీసైజ్2ఎఫ్‌ఎస్ పనిచేయదు, ఎక్స్‌ఎఫ్‌ఎస్-గ్రోఎఫ్‌ఎస్ వాడాలి. రూట్ పూర్తిగా నిండేదాకా ఆగొద్దు, గ్రోపార్ట్‌కి టెంప్ ఫోల్డర్‌లో కాస్త జాగా కావాలి, లేకపోతే అది మొదట్లోనే ఆగిపోతుంది. అప్‌లోడ్స్ ఫోల్డర్‌ని వేరే కంపెనీ సర్వర్‌కి ఆర్‌సింక్ (ఫైళ్లు కాపీ చేసే టూల్) చేసి, అక్కడ ఒకటి రెండు ఫైళ్లు తెరిచి చూశాకే సపోర్ట్ వాళ్లకి 'సరే' అని రాయండి. వాళ్లు తీస్తామన్న స్నాప్‌షాట్ మీ ప్యానెల్‌లో మీ కళ్లకి కనిపించకపోతే అది లేనట్టే లెక్క.

ఇదే కంపెనీలో ఇలా రీబిల్డ్ చేయించుకుని నష్టపోయినవాళ్లు ఉంటే టికెట్ స్క్రీన్‌షాట్లు దాచుకోండి, నాకు చెప్పండి. కన్స్యూమర్ కంప్లైంట్ పెడుతున్నాను, వదిలిపెట్టను.