స్టైలో హమాటా విత్తనం: భీమిలి, ఆనందపురం మెట్టల్లో పాత గడ్డి మీద చల్లేవారికి

స్టైలో హమాటా పశువుల మేతకు పెంచే పప్పుజాతి మొక్క. దీని విత్తనం తరచుగా పొట్టుతోనే దొరుకుతుంది. పొట్టుకున్న చిన్న కొక్కేల వల్ల గింజలు ఒకదానికొకటి చిక్కుకుని, చేత్తో తిప్పే చల్లే యంత్రంలో జారవు. యంత్రం కొనేముందు ఇది చూసుకోండి. గింజకు నాలుగింతలు పొడి ఇసుక కలిపి చేత్తో చల్లడమే మేలు.

నానబెట్టకుండా అలాగే చల్లితే మొలక చాలా తక్కువ. లోపం సరుకులో కాదు, నీరు పీల్చని గట్టి పెంకులో ఉంది. 80 డిగ్రీల వేడినీటిలో నాలుగైదు నిమిషాలు ఉంచి, రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టి నీడన ఆరబెట్టాలి. మరుగుతున్న నీళ్లు పోస్తే గింజ చస్తుంది. ముందు వంద గింజలు తడిగుడ్డలో కట్టి మొలక చూడండి.

చలిదేశాల్లో మంచుకు నేల గడ్డకట్టి, కరిగి, పగుళ్లలోకి గింజను లాక్కుంటుంది కాబట్టి చలికాలం చివర్లో చల్లుతారు. మన ఎర్రనేలల్లో ఆ పని జరగదు. ఫిబ్రవరిలో చల్లితే చీమల పాలే. జూన్‌లో నేల బాగా తడిశాక, పాత గడ్డిని రెండంగుళాలకు మేపించి, ముళ్లకంప లాగి గీరి, ఎకరాకు మూడు నాలుగు కిలోలు చల్లి, గొర్రెలను తోలి తొక్కించాలి. సెంటీమీటరు కన్నా లోతుకు పోకూడదు. ఒక బస్తా సూపర్ ఫాస్ఫేట్ చాలు. యూరియా వేస్తే పాత గడ్డి ఎగదన్ని మొలకను కప్పేస్తుంది.

పూతకొచ్చాక, సుమారు 75 రోజులకు మొదటి కోత. ఎండుమేతకైతే కోసినదాన్ని పొద్దున మంచు తడి ఉండగానే తిరగేయండి, లేదంటే ఆకంతా రాలి కాడలే మిగులుతాయి. నీరు నిలిచే పల్లానికి మాత్రం ఈ విత్తనం కొనొద్దు.