రేణిగుంట విమానమా, నారాయణాద్రి రైలా? నడక నేర్చిన బిడ్డతో హైదరాబాదుకు

ఈ ఏడాది మా చుట్టాల్లో ముగ్గురు నన్ను ఇదే ప్రశ్న అడిగారు. చివరిగా అడిగింది మా వదిన. "రెండూ చూసినదానివి, తేల్చి చెప్పు" అంది ఫోనులో. మా అమ్మాయికి ఇప్పుడు 20 నెలలు. దాన్ని ఎత్తుకుని తిరుపతి నుంచి హైదరాబాదుకు రైల్లో రెండుసార్లు, రేణిగుంట నుంచి విమానంలో రెండుసార్లు, చెన్నై దాకా పోయి విమానం ఎక్కి ఒకసారి వెళ్ళాను. చెన్నై తెలివితక్కువ పని, దాని సంగతి తర్వాత.

అందరూ ముందు గంటలు లెక్కపెడతారు. విమానం గంట పైచిలుకు, రైలు దాదాపు 12 గంటలు, ఇక ఆలోచించడానికేముంది అంటారు. మొదట నేనూ అదే లెక్క వేశాను. ఇప్పుడు నేను చూసేది ఒక్కటే: నిద్రపోతున్న బిడ్డను దారిలో ఎన్నిసార్లు కదిలించాలి?

మొదటిసారి చీకటి పడ్డాక బయలుదేరే విమానం ఎంచుకున్నాం. ఎలాగూ నిద్రపోతుంది కదా అని మా ధైర్యం. కారు రేణిగుంట చేరేసరికి నిద్రపోయింది. దిగేటప్పుడు ఒకసారి లేచింది. తనిఖీ దగ్గర తోపుడు బండిని ఎక్స్‌రే యంత్రంలోకి పంపాలి కాబట్టి, అందులో అప్పుడే కునుకు తీస్తున్న పిల్లను మళ్ళీ ఎత్తుకోవాల్సి వచ్చింది. విమానం గంటన్నర ఆలస్యం. మెట్లెక్కేటప్పుడు మూడోసారి, దిగే ముందు చెవి నొప్పితో నాలుగోసారి, శంషాబాదులో కారెక్కేటప్పుడు ఐదోసారి. కూకట్‌పల్లి చేరేసరికి మేమిద్దరం మాట్లాడుకోవడం మానేశాం.

నారాయణాద్రి సాయంత్రం ఎక్కితే తెల్లవారేసరికి సికింద్రాబాదు. పెరుగన్నం కలిపి పెట్టాను, పెట్టెలో ఆ చివరి నుంచి ఈ చివరికి నాలుగుసార్లు నడిపించాను. గూడూరు దాటాక పడుకున్న పిల్ల దిగే ముందు దాకా లేవలేదు. కదిలించింది ఒక్కసారి. ఐదేళ్ళలోపు పిల్లలకు వేరే బెర్తు అడగకపోతే రైల్లో టికెట్టే అక్కర్లేదు. షరతు ఒకటి, కింది బెర్తు దొరకాలి. పై బెర్తు వస్తే ఎదుటివారిని బతిమాలుకోవాలి. ఒడిలో బిడ్డ ఉంటే సాధారణంగా ఎవరూ కాదనరు.

ఇంత చెప్పి కూడా వచ్చే నెల ప్రయాణానికి నేను తీసుకున్నది విమానం టికెట్లే. కాకపోతే పగటిపూట. మెలకువగా ఉన్న పిల్లను ఐదుసార్లు ఎత్తినా, దించినా ఏడవదు, పైగా ఆట అనుకుంటుంది. రెండోసారి పొద్దున వెళ్ళినప్పుడు ఈ సంగతి తెలిసింది. మేము ఎక్కింది ఏటీఆర్, అంటే పంకాలతో ఎగిరే చిన్న విమానం. మోత ఎక్కువ, తలపై అరలు చిన్నవి. కానీ సీట్లు రెండేసి వరుసలో ఉంటాయి కాబట్టి, భార్యాభర్తలు కూర్చుంటే పక్కన మూడో మనిషి ఉండడు. పాలసీసా ఒలికినా, బిస్కెట్టు విసిరినా మన మీదే పడుతుంది. పెద్ద విమానంలో మూడో సీటాయన ముఖం చూడలేక సగం ప్రయాణం నలిగిపోయేదాన్ని.

రెండేళ్ళు నిండేదాకా బిడ్డ ఒడిలోనే. ఉచితం కాదు, చంటిపిల్లల రుసుము విడిగా కట్టాలి. వయసును ఏ ప్రయాణానికి ఆ ప్రయాణం తేదీ నాటికి చూస్తారు. వెళ్ళేటప్పుడు రెండు నిండకుండా, వచ్చేటప్పటికి నిండితే తిరుగు ప్రయాణానికి సీటు కొనక తప్పదు. జనన ధ్రువపత్రమో, పిల్లల నీలం ఆధారో చేతిసంచిలో ఉంచుకోండి. గంట ప్రయాణానికి నాకు ఒడే చాలు. సొంత సీటులో కట్టి కూర్చోబెట్టడం ఇంకా భద్రమని పిల్లల వైద్యులు చెప్పేది నిజమే, నాలుగైదు గంటల ప్రయాణమైతే నేనూ ఆ డబ్బు పెడతాను.

చెవుల సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. నొప్పి ఎక్కువగా వచ్చేది పైకి లేచేటప్పుడు కాదు, కిందికి దిగేటప్పుడు. గుటక వేస్తే చెవిలోని గొట్టం తెరుచుకుని ఒత్తిడి సర్దుకుంటుంది. నిద్రలో గుటకలు తక్కువ కాబట్టే రాత్రి విమానంలో మా అమ్మాయి కెవ్వుమని లేచింది. చక్రాలు నేలకు తగలబోయే ముందు పాలిస్తే ఆలస్యమైపోతుంది, దిగడం మొదలైనప్పటి నుంచి, అంటే 20 నిమిషాల ముందు నుంచి కొద్దికొద్దిగా తాగించాలి. జలుబు చేసి ఉంటే డాక్టరును అడగకుండా ఎక్కించకండి. రైలుకు ఈ బెడద లేదు.

ఇక చెన్నై. టికెట్టు చవక అని మావారు పట్టుబట్టారు. పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా మూడు గంటలు దాటింది. విమానాశ్రయం ఊరికి అవతలి కొసన. ఆదా అయిన డబ్బు టాక్సీవాడికి పోయింది. ఢిల్లీకో, విదేశాలకో అయితే వేరే మాట. చిత్తూరు వాళ్ళు అలాంటి ప్రయాణాలకు బెంగళూరు వైపు చూస్తారు, మొగిలి ఘాటులో వాంతులకు సిద్ధపడాలి. వందే భారత్‌లో అన్నీ కుర్చీలే, సికింద్రాబాదు చేరేసరికి అర్ధరాత్రి కావస్తుంది, పసిపిల్లలతో నేనెక్కను. బస్సు గురించి నన్నడగకండి.

హైదరాబాదు నుంచి పుట్టు వెంట్రుకలు తీయించడానికి వచ్చేవాళ్ళు మాత్రం కొండ దిగిన రోజే విమానం పెట్టుకుంటారు. తెల్లవారుజామున లేపి, క్యూలో నిలబెట్టి, గుండు కొట్టించి, ఘాటు మలుపుల్లో తిప్పి, మళ్ళీ సాయంత్రం రేణిగుంటకు! ఒక రాత్రి తిరుపతిలో పడుకోబెట్టండి. కొండ దిగేటప్పుడు బిడ్డ చెవి పట్టుకుని ఏడ్చిందేమో కూడా గమనించండి. ఘాటులో కారు దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలని దేవస్థానం నియమం. విమానం అంతకంటే త్వరగా దించేస్తుంది. మా వదినకు ఇదంతా చెప్తే, "అయితే మీ అన్నయ్యను రైలుకు చూడమంటాను" అంది. వాళ్ళ బాబుకు వారం నుంచి జలుబు.