రాయగడలో మండియా కేఫ్, మజ్జిగ జావ మాత్రం వదలకండి

మా ఇంట్లో చోడి అంబలి, అదే రాగి జావ, అంటే మా గుంటడు మొహం తిప్పేసేవాడు. నేను కూడా చిన్నప్పుడు స్కూల్లో పొద్దున్న ఏం తిన్నావే అని అడిగితే అంబలి అని చెప్పలేక ఇడ్లీ అని చెప్పేదాన్ని. అలాంటిది మొన్న ఆదివారం వాడే అమ్మా మండియా పకోడీకి వెళ్దాం అన్నాడు!

మా వీధి మలుపులో మహిళా సంఘం వాళ్ళు నడిపే చిన్న కేఫ్ ఇది, ఒడియాలో మండియా అంటే మన చోళ్ళే, రాగులు. జావ 15 రూపాయలు, పక్క బండి మీద టీ బన్ను రేటే. బెల్లం పాలు పోసింది ఒకటి, మజ్జిగ ఉల్లిపాయ పచ్చిమిర్చి వేసింది ఇంకోటి, రెండోదే తాగండి, అచ్చం మా అమ్మమ్మ చేతి అంబలి. పకోడీ వేడిమీదే బావుంటాది, చల్లారితే గట్టిపడిపోద్ది.

నేను చాలా ఏళ్ళు ఊళ్ళల్లో ఆరోగ్యం మీటింగులకి తిరిగాను, చోళ్ళు తినండమ్మా 100 గ్రాముల్లో 300 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటాది అని చెబితే అందరూ తలూపి ఇంటికెళ్ళి రేషన్ బియ్యమే వండుకునేవారు. వాళ్ళకి తెలీక కాదు, పేదోళ్ళ తిండి అని నామోషీ. ఇక్కడ శుభ్రమైన టేబుల్ మీద స్టీలు గ్లాసులో అక్క నవ్వుతూ పెడితే బ్యాంకు ఉద్యోగి, ఆటో డ్రైవరు పక్కపక్కనే కూర్చుని అదే తాగుతున్నారు, ఇంక నామోషీ ఎక్కడిది. మంచి అలవాటుని కూడా సరుకు అమ్మినట్టు జనంలోకి తీసుకెళ్ళడాన్ని సోషల్ మార్కెటింగ్ అంటారే, అదే ఇది. 1968లో ప్రభుత్వం నిరోధ్ కండోమ్‌లని కూడా టీ, సబ్బులు అమ్మే కంపెనీల చేతే కొట్లకి పంపించి మూడింటిని కలిపి 15 పైసలకి అమ్మించింది, మనిషి రోజూ వెళ్ళే చోట అందే ధరకి పెట్టడం అన్నమాట. ఇక్కడ పండించేవాళ్ళని కూడా వదల్లేదు, 2017లో ఒడిశా మిల్లెట్ మిషన్ అని ప్రభుత్వం చిరుధాన్యాల పథకం మొదలయ్యాక మండీల్లో చోళ్ళు మద్దతు ధరకి కొంటున్నారు, 2024-25లో అది క్వింటాకి 4,290 రూపాయలు.

నచ్చనివి కూడా చెప్పాలి. బోర్డు మొత్తం ఒడియాలోనే ఉంది, ఇక్కడి మజ్జిగౌరమ్మ గుడికి పార్వతీపురం, విజయనగరం నుంచి వచ్చేవాళ్ళకి ఏం తెలుస్తాది, చోడి జావ అని తెలుగులో ఒక్క లైను రాస్తే ఆగి తాగుతారు కదా. ఇంకోటి, బెల్లం లడ్డూల దగ్గర షుగర్ వాళ్ళకి మంచిది అని రాసిపెట్టారు, మా అత్తగారు అది నమ్మి రెండు తినేశారు, నాకు చాలా కోపం వచ్చింది, బెల్లం కూడా తీపే కదా. మంచి మాట చెప్పేటప్పుడే ఇంకా జాగ్రత్తగా చెప్పాలి. చెప్పాక ఆ కాగితం తీసేశారు, అది మాత్రం మెచ్చుకోవాలి.

పిండి ప్యాకెట్ కొంటే అక్క దగ్గరుండి చూపించింది, ముందు చల్లనీళ్ళల్లో కలిపేసి అప్పుడు మరిగే నీళ్ళల్లో పోయాలంట, ఒక్క ఉండ కట్టలేదు, ఇప్పుడు మా ఇంట్లో వారానికి మూడు రోజులు జావే. మజ్జిగది తొమ్మిదిన్నరకల్లా అయిపోద్ది, ముందే వెళ్ళండి.