రక్తంలో జింక్, కాపర్ చూసి క్యాన్సర్ చెప్తామనే క్యాంపులతో జాగ్రత్త

టంగుటూరు, కొండపి వైపు ఉండేవాళ్ళు, ముఖ్యంగా ఇంట్లో చుట్ట కాల్చే పెద్దవాళ్ళున్నవాళ్ళు ఇది తప్పకుండా చదవండి.

పోయిన నెల మా ఊళ్ళో టెంటు వేసి హెల్త్ క్యాంపు పెట్టారు. ఒక్క రక్తపరీక్షతో ఊపిరితిత్తుల క్యాన్సర్‌ని ముందే పట్టేస్తామన్నారు. జింక్, కాపర్, సెలీనియం, యాంటీఆక్సిడెంట్లు, అన్నీ కలిపి 3,800 రూపాయల ప్యాకేజీ. మా నాయన నలభై ఏళ్ళుగా పొగాకు పంట వేస్తున్నాడు, అన్నేళ్ళుగానూ చుట్ట కాలుస్తున్నాడు. అప్పటికి వారంగా దగ్గు, జ్వరం. భయమేసి నేనే దగ్గరుండి చేయించాను.

నాలుగో రోజు రిపోర్టు వచ్చింది. కాపర్ 172, పక్కన ఎర్రక్షరాల్లో ‘హై’. జింక్ 56, పక్కన ‘లో’. కింద ‘క్యాన్సర్ రిస్క్ అధికం’. నాయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. వేళ్ళ మధ్య చుట్ట అలాగే ఉంది, వెలిగించలేదు. రెండు రోజులు అన్నం ముట్టలేదు. వాళ్ళేమో నెలకు 2,400 చొప్పున మూడు నెలల యాంటీఆక్సిడెంట్ క్యాప్సూల్స్ అంటగట్టి పోయారు.

ఒంగోలులో ఊపిరితిత్తుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన అడిగిన మొదటి మాట, ‘రక్తం ఇచ్చిన రోజు జ్వరం ఉందా?’ అని. ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉంటే రక్తంలో కాపర్ పెరుగుతుంది, జింక్ తగ్గుతుందట. నిమ్ము చేసినా అంతే, టీబీ అయినా అంతే. క్యాన్సర్ ఉన్నవాళ్ళలో ఈ తేడాలు కనిపిస్తున్నాయని పరిశోధకులు రాసిన మాట నిజమే. కానీ అది కొంతమందిని ఇంకొంతమందితో పోల్చి చూసిన సంగతి. ఒక్క మనిషి రిపోర్టు పట్టుకుని నీకు క్యాన్సర్ ఉంది, లేదు అని చెప్పడానికి అది చాలదు. అనుమానముంటే సీటీ స్కాన్ తీయాలి, గడ్డ కనిపిస్తే ముక్క తీసి బయాప్సీ చేయాలి. నాయనకి సీటీ తీశారు. నిమ్ము అని తేలింది, మందులతో తగ్గింది.

అసలు నాకు ఒళ్ళు మండింది క్యాప్సూల్స్ సంగతి విన్నాక. డాక్టర్ గారు సీసా తిప్పి వెనక చీమతలంత అక్షరాలు చూపించారు: బీటా కెరోటిన్ 20 మిల్లీగ్రాములు. క్యారెట్, ఆకుకూరల్లో ఉండే పదార్థమే అది, ఒంట్లోకి వెళ్ళాక విటమిన్ ఏగా మారుతుంది. ఫిన్‌లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్ళ మీద చేసిన అధ్యయనంలో కొందరికి రోజూ ఇచ్చింది సరిగ్గా ఈ డోసే. 1994లో ఫలితాలు వచ్చాయి. అది వేసుకున్నవాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం ఎక్కువగా వచ్చింది. అమెరికాలో బీటా కెరోటిన్‌తో పాటు విటమిన్ ఏ ఇచ్చిన ఇంకో అధ్యయనంలోనూ క్యాన్సర్లు పెరగడంతో 1996లో మధ్యలోనే ఆపేశారు. చుట్ట కాల్చే మనిషికి అదే మందు అమ్మారు వీళ్ళు! క్యారెట్, మునగాకు తింటే భయం లేదు, ఆ గొడవంతా మాత్రలతోనే.

ఇంకో మాట. మా పక్కింటి బాబాయ్‌కి రిపోర్టు ‘నార్మల్’ అని వచ్చింది. గళ్ళలో రక్తపు చార పడుతున్నా, ‘నాకేం లేదని రాసిచ్చారుగా’ అని ఇంట్లోనే కూర్చున్నాడు. బతిమాలి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళి గళ్ళ పరీక్ష చేయిస్తే టీబీ. పరీక్షకీ మందులకీ రూపాయి కాలేదు. ఇంకో నెల అలాగే ఉండి ఉంటే ఇంట్లో మనవరాలికి కూడా అంటుకునేదేమో.

డబ్బులు వెనక్కివ్వమంటే ఆ క్యాంపు వాళ్ళు ఫోన్ ఎత్తడం లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేసి ఫిర్యాదు రాయించాను. మీ ఊళ్ళో కూడా ఇలా డబ్బు కట్టినవాళ్ళుంటే బిల్లు, రిపోర్టు, ఖాళీ సీసా ఏదీ పారేయకండి.