మెకంజీ పుట్టిన ఊళ్లో నాన్నతో నాలుగు రోజులు

నాన్న మూడు నెలలు ఉండి వెళ్దామని లీడ్స్‌లో మా ఇంటికి వచ్చాడు. అమ్మ పోయాక ఆయన ఊరు దాటడం అదే మొదటిసారి. ఏమేం చూస్తావని అడిగితే లండన్ పేరు ఎత్తలేదు. "మన కైఫీయత్తులు రాయించిన మెకంజీది ఈ దేశమే కదా పాపా. ఆయప్ప ఊరు ఇక్కడికి దూరమా?" అన్నాడు.

దూరమే. మన ఊళ్ల చరిత్రలు కైఫీయత్తులుగా రాయించిన సర్వేయరు కాలిన్ మెకంజీ 1754లో పుట్టిన స్టోర్నొవే, స్కాట్లాండ్‌కు వాయవ్యాన సముద్రంలో ఉన్న లూయిస్ దీవి మీద ఉంది. రైలు, బస్సు, ఓడ మూడూ ఎక్కితే గానీ చేరలేం. నాన్నకు డెబ్బై నాలుగేళ్లు, రెండు మోకాళ్లూ నొప్పులే. నాకు టెన్షన్‌గానే ఉండింది. అయినా జూన్‌లో సెలవు పెట్టి ఇద్దరం బయల్దేరాం. పెద్దవాళ్లను తీసుకుని అటు వెళ్లాలనుకునే మనవాళ్లకు పనికొస్తుందని, ఎక్కడ బాగుంది, ఎక్కడ ఇబ్బంది పడ్డాం అన్నీ రాస్తున్నాను.

ముందు ఈ కోరిక ఎక్కణ్ణించి వచ్చిందో చెప్పాలి. జమ్మలమడుగు దగ్గర మాది కరణాల ఇల్లు. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణీకాలు తీసేసేదాకా మా తాతే ఊరి కరణం. అంతకు నూట డెబ్బై, నూట ఎనభై ఏళ్ల ముందు మెకంజీ మనుషులు ఊరూరూ తిరిగారు. కరణాల దగ్గరున్న కవిలెలు, అంటే ఊరి పాత లెక్కల పుస్తకాలు చూసి, ముసలివాళ్లను కూర్చోబెట్టి అడిగి, ఊరు ఎలా పుట్టింది, గుడి ఎవరు కట్టించారు, చెరువు ఎవరు తవ్వించారు, మాన్యాలు ఎవరివి అని రాసుకున్నారు. అవే కైఫీయత్తులు. మెకంజీకి మన భాషలు రావు. ఏలూరు నుంచి వచ్చిన కావలి అన్నదమ్ములు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి లేకపోతే ఆ పని అయ్యేదే కాదు. మా ఊరి కైఫీయత్తు కూడా అచ్చయింది. నాన్న దాన్ని కడపలో కొని తెచ్చుకుని ఎన్నిసార్లు చదివాడో లెక్కలేదు.

ఎడిన్‌బరోలో రెండు రాత్రులు ఉన్నాం. బస విషయంలో నాదే పొరపాటు అనాలో, ఇల్లు అద్దెకిచ్చినవాళ్లదే అనాలో. పాత ఊరి నడిబొడ్డున ఫ్లాట్, ఫొటోలు ముచ్చటగా ఉన్నాయి. తీరా వెళ్తే మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు, మెలికలు తిరిగిన రాతి మెట్లు అరిగి నున్నగా ఉన్నాయి. ఆ సంగతి ఎక్కడా రాయలేదు. నాన్న ఒక్క మాట అనలేదు గానీ, ప్రతి మలుపు దగ్గరా గోడకు చెయ్యి ఆనించి నిలబడేవాడు. పాత కట్టడాల్లో బస తీసుకునేముందు లిఫ్ట్ ఉందో లేదో ఫోన్ చేసి మరీ అడగండి.

కోటకు జనం విపరీతం, పైగా ఎగుడుదిగుడు రాళ్ల బాట, ఎక్కుడు. మోకాళ్లు బాగాలేనివాళ్లకు నేనైతే వద్దంటాను. నేషనల్ మ్యూజియానికి టికెట్ లేదు, లిఫ్టులున్నాయి, కూర్చోవడానికి బల్లలున్నాయి. సగం రోజు హాయిగా గడిచింది. నాన్నకు మాత్రం అన్నిటికన్నా నచ్చింది ప్రిన్సెస్ స్ట్రీట్ చివరనున్న జనరల్ రిజిస్టర్ హౌస్. ఈ దేశపు పాత కాగితాలు భద్రపరిచే చోటు అది. 1855 నుంచి స్కాట్లాండ్‌లో పుట్టుక, పెళ్లి, చావు అన్నీ చట్టప్రకారం నమోదయ్యాయి. అంతకు ముందువి చర్చి పుస్తకాల్లో ఉన్నాయి. డబ్బు కట్టి సీటు తీసుకుంటే రోజంతా కూర్చుని మన పూర్వీకుల్ని వెతుక్కోవచ్చు, చాలావరకు ఇంటినుంచి ఆన్‌లైన్‌లో కూడా చూసుకోవచ్చు.

ముందు హాల్లో ఓ పెద్దావిడ కనిపించింది, కెనడా నుంచి వచ్చిందట. ఆవిడ ముత్తవ్వ పెళ్లి నమోదు ఆ పూటే దొరికింది. ప్రింటు తీసిన కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని, మేమెవరో తెలియకపోయినా మాకు చూపించింది. సంతకం చేయాల్సిన చోట పెళ్లికూతురు ఇంటూ గుర్తు పెట్టింది. "వేలిముద్ర లాంటిదే" అన్నాడు నాన్న. ఆ తర్వాత బస చేరేదాకా ఏమీ మాట్లాడలేదు.

ఇన్వర్నెస్ వరకు రైలు మూడున్నర గంటలు, దారి పొడవునా కిటికీ పక్కన కొండలే. ఎడమా కుడీ అని లేదు, ఏ వైపు సీటైనా పర్వాలేదు. అక్కడ ఒక రాత్రి ఆగి కలోడెన్ మైదానం చూశాం. 1746 ఏప్రిల్ 16న గంట కూడా పట్టని యుద్ధంలో హైలాండ్ అనే ఉత్తరపు కొండసీమ తెగల బలం విరిగిపోయిన చోటు. ఇంటిపేర్లు చెక్కిన రాళ్లు గడ్డిలో పాతి ఉన్నాయి. వాటి ముందు ఎవరో తాజా పూలు పెట్టి వెళ్లారు. మైదానంలో నడవడానికి టికెట్ అక్కర్లేదు, లోపలి ప్రదర్శనకే కావాలి. ఇన్వర్నెస్ హోటల్ శుభ్రంగా ఉంది గానీ శాకాహారులకు టోస్టు, పండ్లు తప్ప ఏమీ లేదు. మా కందిపొడి, చింతకాయ తొక్కు మా వెంటే ఉన్నాయి.

అక్కణ్ణించి ఉల్లాపూల్‌కు బస్సు, ఉల్లాపూల్ నుంచి స్టోర్నొవేకు ఓడ. ఓడ ప్రయాణం రెండున్నర గంటల పైమాటే. లిఫ్ట్ ఉంది, మెత్తటి సీట్లు ఉన్నాయి. నడవలేనివాళ్లు ముందే చెబితే సిబ్బంది దగ్గరుండి ఎక్కిస్తారు. నాన్నను ఎక్కించిన కుర్రాడు సొంత తాతను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. ఒక్కటి గుర్తుంచుకోండి, గాలి ఎక్కువైతే ఓడ కదలదు. తిరుగు ప్రయాణానికి ఒక రోజు చేతిలో ఉంచుకుని టికెట్లు తీసుకోండి.

స్టోర్నొవేలో మేం దిగింది ఒక పెద్దావిడ ఇల్లు. రెండు గదులు అద్దెకిస్తుంది, పొద్దున టిఫిన్ ఆవిడే చేస్తుంది. ఈ మొత్తం ప్రయాణంలో మంచి బస ఇదే. కింది గదే ఇచ్చింది. మొదటి రోజు పొద్దున ఓట్స్ గంజి చిక్కగా కాచి, చక్కెర కావాలా ఉప్పు కావాలా అని అడిగింది. వాళ్ల పాత పద్ధతి ఉప్పేనట. నాన్న ఉప్పు వేయించుకుని తిని, "మా అమ్మ జొన్న అంబలి ఇట్లనే కాచేది" అన్నాడు. నేను ఆ మాట ఇంగ్లీషులో చెబితే ఆవిడ గరిటె పట్టుకునే కుర్చీలో కూర్చుని, వాళ్లమ్మ గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఆవిడ ఇంట్లో గేలిక్, అంటే ఈ దీవుల పాత భాష మాట్లాడుతుంది. బడిలో ఇంగ్లీషే మాట్లాడాలనేవారని, తన మనవడు మాత్రం ఇప్పుడు గేలిక్ మీడియంలో చదువుతున్నాడని చెప్పింది.

ఊళ్లో మెకంజీ గురించి అడిగితే చాలామంది కెనడాలో ఒక నదికి ఎవరి పేరు పెట్టారో ఆ అలెగ్జాండర్ మెకంజీ గురించి చెబుతారు. ఆయనా ఈ ఊరివాడే. మా మెకంజీ వేరు, సర్వేయరు అని విడమరిచి చెప్పాల్సి వచ్చింది. మా ఇంటావిడకు మాత్రం తెలుసు. 2017లో ఇక్కడి లూస్ కోట పక్కనున్న మ్యూజియంలో ఆయన సేకరించిన వస్తువులతో ప్రదర్శన పెట్టారట. మన అమరావతి శిల్పం అప్పుడు లండన్ నుంచి ఈ దీవికి వచ్చింది. "మీ అమరావతి రాయి నేను చూశాను" అని ఆవిడ నాన్న చెయ్యి పట్టుకుంది.

కాలిన్ మెకంజీ కుర్రతనంలో ఇక్కడే కస్టమ్స్‌లో పనిచేశాడు. 1783లో మద్రాసు ఓడ దిగాడు, మళ్లీ ఈ ఊరి మొహం చూడలేదు. 1815లో భారతదేశానికి మొట్టమొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు, 1821లో కలకత్తాలో పోయాడు. కుటుంబ సమాధి మాత్రం ఊరికి తూర్పున ఐగ్నిష్ దగ్గర ఉయ్ చర్చి పాత శ్మశానంలో ఉంది. బస్సు వెళ్తుంది గానీ మేం టాక్సీ మాట్లాడుకున్నాం. పైకప్పు లేని చర్చి గోడలు, పక్కనే సముద్రం, పడుకున్నట్టు వంగిపోయిన గడ్డి. ఆ గాలిలో నాన్న మఫ్లరు చెవులకు చుట్టుకుని సమాధి రాళ్ల మధ్య చాలాసేపు తిరిగాడు.

తర్వాత గోడ చాటున కూర్చుని చెప్పాడు.

"మీ తాత పెట్టె గుర్తుందా నీకు? పచ్చ రంగు టేకు పెట్టె."

గుర్తుంది. నాకు పదేళ్లప్పుడు చూశాను. అడంగళ్లు, చిట్టాలు, తాటాకు కట్టలు రెండు, వాటికి కట్టిన ఎర్ర గుడ్డ. తాత పోయాక చెదలు తినేసిందని ఇంట్లో అనేవాళ్లు.

"చెదలు కాదు పాపా. నేనే అమ్మేసినా. నీ ఇంజనీరింగు రెండో ఏడాది ఫీజు కట్టాల. పెట్టెకు నూరు రూపాయలు ఎక్కువొస్తాయంటే కాగితాలు బయట తీసి పొట్లాలకొట్టుకు వేసినా. తాటాకులు ఏమైనాయో నాకు తెలియదు. మీ అమ్మకు కూడా చెప్పలేదు."

నా దగ్గర మాట లేదు. ఆయన చెయ్యి నా కోటు జేబులోకి లాక్కుని అట్లాగే కూర్చున్నాను. టాక్సీ డ్రైవరు దూరం నుంచి చూసి, వచ్చి పిలవకుండా కారులోనే ఉండిపోయాడు. అదనంగా ఆగినదానికి డబ్బు కూడా తీసుకోలేదు.

తిరిగొచ్చేటప్పుడు హోమ్ అనే చోట ఆగాం. 1919 జనవరి 1 తెల్లవారుజామున, మొదటి ప్రపంచ యుద్ధం నుంచి ఇళ్లకొస్తున్న దీవి కుర్రవాళ్లను మోసుకొస్తూ 'అయొలేర్' అనే ఓడ ఇక్కడి రాళ్లకు కొట్టుకుంది. 201 మంది పోయారు. ఊరి దీపాలు కనిపిస్తున్నాయి, ఒడ్డు గజాల దూరంలో ఉంది. నాన్న అక్కడున్న స్మారక స్తంభానికి చెప్పులు విప్పి దండం పెట్టాడు.

మిగిలిన రెండు రోజులూ దీవి తిరిగాం. తప్పక చూడాల్సింది ఆర్నోల్‌లోని నల్లిల్లు. అరలు అరలుగా పేర్చిన రాతి గోడలు, మధ్యలో మట్టి కూరారు. పైన గడ్డి కప్పు, గాలికి ఎగిరిపోకుండా తాళ్లకు రాళ్లు వేలాడదీశారు. ఒకే కప్పు కింద ఈ చివర మనుషులు, ఆ చివర పశువులు. పొగగొట్టం లేదు. నేల మధ్యలో పీట్ మంట, అంటే బురదనేల నుంచి ఇటుకల్లా కోసి ఎండబెట్టిన మట్టి. పిడకల మంటలా నిదానంగా మండుతుంది, వాసన మాత్రం వేరు, తీయగా గొంతుకు పడుతుంది. 1960ల దాకా అందులో కాపురం ఉన్నారు. నాన్న పశువులు కట్టే చోట రాటను చేత్తో తడిమి, "మన పాత మిద్దెలో కూడా ఎద్దులు నట్టింటి పక్కనే. రాత్రి అవి నెమరేస్తుంటే ఆ చప్పుడుకే నిద్రపట్టేది" అన్నాడు. గుమ్మం పొట్టిది, లోపల చీకటి, తల జాగ్రత్త.

కలనిష్ నిలువురాళ్లకు దాదాపు అయిదువేల ఏళ్లు. మేం వెళ్లినప్పుడు రాళ్ల దగ్గరకు వెళ్లడానికి టికెట్ లేదు. మన వైపు రాక్షసగుళ్లు చూసినవాళ్లకు అవి కొత్తగా అనిపించవు. కానీ సాయంత్రం పదింటికి కూడా వెలుతురు ఉంటుంది కదా, అప్పుడు వెళ్లండి. జనం ఉండరు. చిన్న దోమల్లాంటి మిడ్జీలు ఉంటాయి, తలకు వేసుకునే వల కొనుక్కోండి.

హారిస్ ట్వీడ్ అనే ఉన్ని బట్ట నేసే ఒకాయన షెడ్డు చూడనిచ్చాడు. ఆ పేరుతో అమ్మే బట్ట ఈ దీవుల్లో నేతగాడి ఇంటి దగ్గరే చేత్తో నేయాలని 1993లో చట్టమే చేశారు. కాలితో తొక్కే ఇనుప మగ్గం, చెవులు దిబ్బళ్లు పడే మోత. జమ్మలమడుగు మగ్గాల వీధి చూసిన నాన్న ఆ చట్టం మాటను మూడుసార్లు అడిగి తెలుసుకున్నాడు.

ఆదివారం బస్సులు తిరగవు, చాలా కొట్లు తెరవరు. శనివారమే సరుకులు తెచ్చిపెట్టుకోండి. మేం ఆ రోజు గది దాటలేదు. ఆ ముందు రాత్రి నాన్న నా దగ్గర తెల్లకాగితాలు అడిగాడు. చెయ్యి వణుకుతుందని నన్నే రాయమన్నాడు. పైన ఊరి పేరు రాయించి, పక్కన "కైఫీయత్తు" అని వేయమన్నాడు. తాత నోట విన్నది, కాగితాల్లో చూసింది, ఏది జ్ఞాపకమొస్తే అది చెప్పుకుంటూ పోయాడు. ఏ వీధిలో ఎవరి ఇల్లు ముందు, గంగమ్మ జాతరకు తొలి కుండ ఎవరిది, అరవై ఆరులో కరువుకు ఎవరు ఎటు వెళ్లారు. సాయంత్రానికి ఇరవై మూడు పేజీలు అయ్యాయి.

చెరువు తూము దగ్గర ఆగిపోయాడు. దాన్ని బాగుచేయించిన రెడ్డి పేరు గుర్తుకు రాలేదు. ప్రొద్దుటూరులో అత్తకు ఫోన్ చేశాం. అక్కడ అర్ధరాత్రి దాటింది, అయినా ఎత్తింది.

"ఆ తూము రెడ్డి కట్టించలేదురా. నీకెవరు చెప్పినారు? కాగితం తెచ్చుకో, నేను చెప్తా" అంది.

"కాగితం ఉందక్కా, పాప రాస్తాంది" అని నాన్న ఫోన్ స్పీకర్‌లో పెట్టి నా ముందు ఉంచాడు.